ఫ్రిజ్‌లో పెట్టిన పట్టీ

పోయిన నెల మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. పిన్నికి రొమ్ము క్యాన్సర్ ఎముకల్లోకి పాకిందని నాకు అప్పటికే తెలుసు. నొప్పికి ఆస్పత్రిలో చర్మానికి అతికించే పట్టీలు రాసిచ్చారట. "అక్కా, వీటిని ఎక్కడ ఉంచాలి?" అని అడిగాడు. అతికించారా అంటే లేదన్నాడు. ఫ్రిజ్‌లో పెట్టారు. గుడ్ల అరలో, ఇన్సులిన్ పక్కన. పదకొండు రోజులుగా అక్కడే ఉన్నాయి.

"ఎందుకు అతికించలేదురా?"

"అది మత్తుమందంట కదక్కా. కిడ్నీలు పోతాయన్నారు."

"మరి నొప్పికి ఏమిస్తున్నారు?"

"మామూలు నొప్పి బిళ్ళే. పొద్దునొకటి, రాత్రొకటి. మెడికల్ షాపాయన ఇచ్చాడు."

ఫొటో పెట్టమన్నాను. పెట్టాడు. ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిపిన బిళ్ళ. రెండు అట్టలు ఖాళీ అయ్యాయి, మూడోది సగంలో ఉంది. అంటే ఆ ఇంట్లో కిడ్నీని దెబ్బతీసే మందు రోజుకి రెండుసార్లు కడుపులోకి వెళ్తోంది. కిడ్నీకి పెద్దగా పని పెట్టని మందు మాత్రం కిడ్నీ పేరు చెప్పి గుడ్ల పక్కన చల్లబడుతోంది.

నేను డాక్టర్ని కాను. బ్యాంకులో కౌంటర్ దగ్గర కూర్చునే మనిషిని. కానీ ఇదే పొరపాటు మా నాన్న విషయంలో మేమూ చేశాం, మా చుట్టూ ఉన్న చదువుకున్నవాళ్ళూ చేశారు. అందుకే ఈ పోస్టు. కిడ్నీ బాగాలేని పెద్దవాళ్ళకి క్యాన్సర్ నొప్పి వస్తే "కిడ్నీ కదా, ఏమీ ఇవ్వకూడదు" అనడం జాగ్రత్త అనుకుంటారు. అది జాగ్రత్త కాదని నా వాదన. మన భయం తప్పు మందు మీద పడింది.

ఉద్దానంలో కిడ్నీ అనే మాట

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, ఊరూరా కిడ్నీ జబ్బు ఉన్న ప్రాంతం. ఆ పేరు చెప్పగానే అవతలివాళ్ళ మొహంలో "కిడ్నీలు" అని కనబడుతుంది. కొబ్బరి, జీడి, పనస ఉన్న ఊళ్ళని జనం ఇప్పుడు అలా గుర్తుపెట్టుకున్నారు. 2018లో తిత్లీ తుఫానుకి చెట్లు పడిపోయినప్పుడు కొన్నాళ్ళు చెట్ల గురించి మాట్లాడారు, తర్వాత మళ్ళీ కిడ్నీల దగ్గరికే వచ్చారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి తెరిచారు. అంతకుముందు డయాలసిస్ కోసం తిరిగిన దూరాలు మా వీధిలో ఎవరినడిగినా చెప్తారు.

అందుకే మా దగ్గర "క్రియాటినిన్" అనే మాట చదువురాని ముసలమ్మలకి కూడా వచ్చు. రక్తపరీక్షలో వచ్చే అంకె అది, కిడ్నీ దెబ్బతినేకొద్దీ పెరుగుతుంది. అది ఎంతో చెప్పుకుంటారు. పెళ్ళి భోజనాల దగ్గర "నీకెంత?" అంటే వయసు గురించి కాదు. డయాలసిస్ అంటే ఇల్లు అమ్ముకునే మాట అని అందరూ చూసి ఉన్నారు కాబట్టి ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. దానికో చరిత్ర ఉంది.

మా నాన్నకి పన్నెండేళ్ళుగా కిడ్నీ జబ్బు. నెమ్మదైన రకం. తన చెట్టు కొబ్బరినీళ్ళు తాను తాగకుండా ఏళ్ళు గడిపాడు, పొటాషియం పెరుగుతుందని. డెబ్బై ఆరో ఏట నడుం నొప్పి మొదలైంది. కొబ్బరి మోపులు మోసిన నడుం కదా అనుకున్నాం. ఊళ్ళో ఆర్‌ఎంపీ సూది వేశాడు, రెండ్రోజులు తగ్గింది. మళ్ళీ వేశాడు. అలా ఐదారు సూదులయ్యాక కాళ్ళు వాచాయి, మూత్రం తగ్గింది. క్రియాటినిన్ అప్పటిదాకా 1.9 ఉండేది, 3 దాటింది. ఆ సూది డైక్లోఫెనాక్.

విశాఖ తీసుకొచ్చాక ప్రోస్టేట్ క్యాన్సర్ అని, వెన్నెముకలోకి వచ్చేసిందని తేలింది. సూదులు ఆపాక క్రియాటినిన్ 2.4 దగ్గర ఆగింది. నొప్పి మాత్రం ఆగలేదు. అక్కడి నుంచి ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ఒకటే మాట: "కిడ్నీ పేషెంటు కదమ్మా." ఎముకల డాక్టరూ అన్నాడు, డ్యూటీ డాక్టరూ అన్నాడు, మా తమ్ముడూ అన్నాడు. పారాసిటమాల్ 650 రాసి, "ఇంతకంటే ఏమీ ఇవ్వలేం" అనేవారు. రాత్రి రెండింటికి నాన్న మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చుని, మళ్ళీ పడుకోలేక, తెల్లారేదాకా అలాగే ఉండేవాడు. ఆ పట్టెకి అరచేతి చెమట అంటి రంగు పోయింది.

రాబందుల కిడ్నీ

మన మెదళ్ళలో "నొప్పి మందు" అనేది ఒకే డబ్బా. అందులో డైక్లోఫెనాక్, ట్రమడాల్, మార్ఫిన్, పట్టీ అన్నీ కలిపి పడేశాం. ఫ్యామిలీ గ్రూపుల్లో తిరిగే "పెయిన్ కిల్లర్లు కిడ్నీ కిల్లర్లు" అనే పోస్టు సగం నిజం, ఇబ్బందంతా ఆ సగంతోనే.

డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటి మందులు ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారవకుండా ఆపుతాయి. వాపు, నొప్పి అందుకే తగ్గుతాయి. కానీ బలహీనపడ్డ కిడ్నీ, తనలోకి రక్తం తెచ్చే సన్నటి నాళాన్ని తెరిచి ఉంచుకోడానికి ఆ ప్రోస్టాగ్లాండిన్ల మీదే ఆధారపడుతుంది. అవి లేకపోతే ఆ నాళం బిగుసుకుంటుంది. బీపీకి వేసుకునే టెల్మిసార్టన్ లాంటివి రక్తం బయటికి వెళ్ళే నాళాన్ని వదులు చేస్తాయి. పైన నీరు పోయే మాత్ర కూడా ఉంటే ఒంట్లో నీరే తక్కువ. మూడూ కలిస్తే వడగట్టడానికి కావలసిన ఒత్తిడి పడిపోతుంది. మన ఇళ్ళలో పెద్దవాళ్ళ మందుల డబ్బా తెరిచి చూడండి, ఈ మూడూ పక్కపక్కనే ఉంటాయి.

డైక్లోఫెనాక్ గురించి ఒక సంగతి చెప్పాలి. నొప్పులున్న పశువులకి ఆ సూది వేసేవారు, ఆ పశువు చనిపోతే రాబందులు తినేవి, వాటి కిడ్నీలు పాడై గుంపులు గుంపులుగా చచ్చిపోయేవి. అందుకే 2006లో మన దేశంలో పశువులకి డైక్లోఫెనాక్ నిషేధించారు. మనుషుల కోసం చేసే పెద్ద సీసాలు పశువులకి మళ్ళిస్తున్నారని 2015లో మనుషుల సూది సీసాని 3 మిల్లీలీటర్లకి కుదించారు. రాబందుల కోసం ఇంత చేశాం. మంచిదే. మా ఊరి ఆర్‌ఎంపీ సంచిలో మాత్రం ఆ సూది ఎప్పుడూ ఉంటుంది.

రెండో రకం నల్లమందు కుటుంబం. ఇక్కడే భయం ఎక్కువ, తేడాలు కూడా ఎక్కువ. మార్ఫిన్‌ని లివర్ విడగొడుతుంది, కానీ విడగొట్టాక వచ్చే పదార్థాలకీ బలం ఉంటుంది. వాటిలో ఒకటి మత్తు, నొప్పి తగ్గింపు ఇస్తే, ఇంకొకటి ఒళ్ళు ఉలికిపడేలా చేస్తుంది. రెండింటినీ బయటికి పంపాల్సింది కిడ్నీయే. పంపలేకపోతే అవి పేరుకుపోతాయి, మనిషి మగతలోకి జారతాడు, ఊపిరి నెమ్మదిస్తుంది. కోడైన్ కూడా అంతే. ట్రమడాల్ వాడొచ్చు గానీ మోతాదు తగ్గించి, పన్నెండు గంటలకోసారి. ఎక్కువైతే ఫిట్స్ రావచ్చు. కాబట్టి ఈ మందుల దగ్గర డాక్టర్లు జంకడంలో న్యాయం ఉంది.

కానీ అదే కుటుంబంలో బ్యుప్రెనార్ఫిన్, ఫెంటానిల్ ఉన్నాయి. ఇవి ఎక్కువగా లివర్‌లోనే విరిగిపోతాయి, మిగిలేవాటికి చెప్పుకోదగ్గ బలం ఉండదు. ఇప్పుడు మన దగ్గర పట్టీల రూపంలో వస్తున్నవి ఇవే. పిన్ని ఫ్రిజ్‌లో ఉన్నది బ్యుప్రెనార్ఫిన్ పట్టీ, వారానికొకటి మార్చేది. "కిడ్నీ ఉంది, నల్లమందు వద్దు" అన్న మాట మార్ఫిన్‌కి కొంతవరకు సరిపోతుంది, ఈ పట్టీకి సరిపోదు. ఒకదానికి చెప్పాల్సిన మాట రెండోదానికి చెప్పి, ఆ గందరగోళంలో డైక్లోఫెనాక్ సూది చేత్తో పట్టుకున్నాం.

నేను చేసిన తప్పు

ఇంత తెలిసినట్టు రాస్తున్నాను గానీ, నాన్నకి అసలు ప్రమాదం తెచ్చింది నేనే.

నొప్పి నడుం నుంచి కాలిలోకి కరెంటు షాకులా దిగేది. దానికి ఒక డాక్టరు ప్రెగాబాలిన్ 75 రోజుకి రెండుసార్లు రాశాడు. "నొప్పి మందు కాదమ్మా, నరాల మందు" అన్నాడు. ఆ మాటతో నాకు ధైర్యం వచ్చింది. నొప్పి మందు కాదు కదా, కిడ్నీకి ఏం కాదు అనుకున్నాను. ఒక రాత్రి నాన్న పళ్ళు బిగపట్టి ఏడుస్తుంటే చూడలేక మూడో మాత్ర ఇచ్చాను. నాలుగు రోజులు అలాగే ఇచ్చాను.

ఐదో రోజు పొద్దున టీ గ్లాసు అందిస్తే, అది ఆయన చేతిలోంచి ఎగిరిపడింది. జారిపోవడం కాదు, ఎగిరిపడింది. చెయ్యి ఎవరో తాడుతో లాగినట్టు అదిరింది. భుజం అదిరింది, మోకాలు అదిరింది. నేను టీ తుడుస్తుంటే నాన్న గోడవైపు చూస్తూ, ఎప్పుడో చనిపోయిన మా పెదనాన్నతో కొబ్బరికాయల లెక్క మాట్లాడుతున్నాడు. "రెండొందల కాయలు తక్కువొచ్చాయి, సూడు" అంటున్నాడు. ఇంట్లో అందరూ క్యాన్సర్ మెదడుకి ఎక్కిందన్నారు. అమ్మ వత్తి వెలిగించింది.

క్యాన్సర్ మెదడుకి ఎక్కలేదు. ప్రెగాబాలిన్ దాదాపుగా మారకుండా కిడ్నీల ద్వారానే బయటికి పోయే మందు. నాన్న కిడ్నీలు పనిచేసే తీరుకి మోతాదు బాగా తగ్గించి ఇవ్వాలి. నేను రోజుకి 225 ఇచ్చాను. రాసిన డాక్టరు కూడా ఎక్కువే రాశాడు, కానీ మూడో మాత్ర నా చేత్తోనే వేశాను.

అత్యవసర విభాగంలో ఉన్న కుర్ర డాక్టరు అన్ని మందులూ ఆపేశాడు. మూడు రోజుల్లో అదుర్లు పోయాయి, మాట తిన్నగా వచ్చింది, నొప్పి మొత్తం తిరిగొచ్చింది. దాంతో మా ఇంట్లో తీర్పు అయిపోయింది: "నాన్నకి నొప్పి మందులు పడవు." తమ్ముడు ఆ మాట ఫైలు మీద ఎర్ర ఇంకుతో రాశాడు కూడా. నేను నోరెత్తలేదు. ఏ మొహం పెట్టుకుని ఎత్తను?

చాలా రోజుల తర్వాత నాకు అర్థమైంది. ఆ నాలుగు రోజులు రుజువు చేసింది "మందు పడదు" అని కాదు, "లెక్క తప్పింది" అని. ఆ రెండు వాక్యాల మధ్య నాన్న ఐదు వారాలు నలిగాడు.

1.2 అనే మోసకారి

లెక్క అన్నాను కాబట్టి పిన్ని రిపోర్టు సంగతి చెప్తాను. ఆమె క్రియాటినిన్ 1.2. రిపోర్టులో ఆ అంకె కింద ఏ గీతా లేదు, నార్మల్ అని ఉంది. అందుకే మెడికల్ షాపాయన నిశ్చింతగా బిళ్ళలిచ్చాడు, మా వాడు నిశ్చింతగా వేశాడు.

క్రియాటినిన్ కండరాల నుంచి వస్తుంది. పిన్నికి డెబ్బై ఐదేళ్ళు, బరువు 42 కిలోలు. కండే లేని మనిషిలో క్రియాటినిన్ తక్కువే తయారవుతుంది, కిడ్నీ బాగా లేకపోయినా అంకె బాగానే కనబడుతుంది. కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరు 1976లో ఇచ్చిన ఒక సూత్రం ఉంది, కిడ్నీలు నిమిషానికి ఎంత రక్తాన్ని శుభ్రం చేస్తున్నాయో అంచనా కట్టేది, మందుల మోతాదు చూసుకోడానికి ఇప్పటికీ దాన్నే వాడుతుంటారు. 140లోంచి వయసు తీసేసి, బరువుతో గుణించి, 72ని క్రియాటినిన్‌తో గుణించగా వచ్చిన దానితో భాగించాలి. ఆడవాళ్ళయితే వచ్చిన దాన్ని 0.85తో గుణించాలి. బ్యాంకు క్యాలిక్యులేటర్ మీద కొట్టాను. పిన్నికి నిమిషానికి 27 మిల్లీలీటర్లు వచ్చింది. కిడ్నీ బాగున్న కుర్రవాళ్ళకి 90 పైన ఉంటుంది.

ఆ సూత్రం కూడా దైవవాక్కు కాదు. 249 మంది మగవాళ్ళని చూసి కట్టింది, ఆడవాళ్ళ అంకె తర్వాత సర్దింది. మరీ సన్నగా ఉన్నవాళ్ళ దగ్గర, ఒళ్ళంతా నీరు పట్టినవాళ్ళ దగ్గర తప్పుతుంది. అయినా 1.2ని చూసి నార్మల్ అనుకోవడం కంటే నయం. నాన్నకి కిడ్నీ పేషెంటు అనే ముద్ర ఉంది కాబట్టి ఏమీ ఇవ్వలేదు. పిన్నికి ఆ ముద్ర లేదు కాబట్టి ఇవ్వకూడనిది ఇచ్చారు. ఇద్దరి విషయంలోనూ ముద్ర చూశారు తప్ప లెక్క ఎవరూ కట్టలేదు.

ఎన్నణాల నొప్పి

చివరికి ఒక స్నేహితురాలు చెబితే విశాఖలో ఒక పాలియేటివ్ క్లినిక్‌కి, అంటే జబ్బు నయం కాకపోయినా బాధ తగ్గించే చోటికి, తీసుకెళ్ళాం. తమ్ముడు రానన్నాడు. "అక్కడికి చావబోయేవాళ్ళని తీసుకెళ్తారు" అన్నాడు. నాకూ అదే భయం, చెప్పుకోలేదంతే.

అక్కడి నర్సు నాన్నని సున్నా నుంచి పది దాకా నొప్పి ఎంతో చెప్పమంది. నాన్న మర్యాదగా "పర్లేదమ్మా" అన్నాడు. ఆమె మొహాల బొమ్మలున్న అట్ట చూపించింది. నాన్న నవ్వుతున్న బొమ్మ మీద వేలు పెట్టాడు, అది బాగుందని. మన పెద్దవాళ్ళతో ఇదే తంటా. నొప్పి ఉందని చెప్తే పిల్లలకి భారం, డాక్టరుకి చిరాకు అనుకుంటారు. అడిగితే "పర్లేదు", గట్టిగా అడిగితే "వయసు కదా".

ఆ నర్సు కాసేపు ఆలోచించి, "తాతా, రూపాయికి ఎన్నణాలుంటాది నొప్పి?" అని అడిగింది.

నాన్న వెంటనే అన్నాడు: "పగలు ఆరణాలు. రేత్రి పద్నాలుగణాలుంటాదమ్మా. పదారణాలని సెప్పను, అంత నేదు."

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అన్ని నెలల్లో ఆయన నొప్పి ఎంతో నాకు మొదటిసారి తెలిసింది. ఆ రెండణాలు మిగిల్చి చెప్పడం అచ్చంగా ఆయనే. ఆ రోజు నుంచి మా ఇంటి పుస్తకంలో అణాలే రాశాం.

తర్వాత డాక్టరు అడిగిన ప్రశ్న నేను ఊహించలేదు. కిడ్నీ గురించి కాదు, క్యాన్సర్ గురించి కాదు. "మీకు ఏం కావాలి తాతగారూ?" నాన్న చాలాసేపు చూసి, "రేత్రి పక్కకి తిరిగి పడుకోవాల" అన్నాడు.

దాన్నే లక్ష్యం అనుకుని పని మొదలుపెట్టారు. వెన్నులో బాగా నొప్పి ఉన్న చోట ఒకేఒక్క రోజు రేడియేషన్ ఇప్పించారు. ఎముకలకి పాకిన క్యాన్సర్ నొప్పికి పది రోజులు తిప్పే బదులు ఒకే విడతలో 8 గ్రే (రేడియేషన్ కొలత) ఇచ్చినా నొప్పి దాదాపు అంతే తగ్గుతుందని, కిడ్నీతో దానికి సంబంధమే లేదని అప్పుడే విన్నాను. అంతకుముందు ఎవరూ ఆ మాట ఎత్తలేదు. "కిడ్నీ కదా" అన్నవాళ్ళెవరూ కిడ్నీతో పనిలేని దారి ఉందేమోనని చూడలేదు. పారాసిటమాల్‌ని నొప్పి వచ్చినప్పుడు కాకుండా వేళకి వేయమన్నారు. ప్రెగాబాలిన్ 25 రాత్రిపూట ఒక్కటే. బ్యుప్రెనార్ఫిన్ పట్టీ అతిచిన్నది.

ఇంకో చిన్న విషయం. ఈ పట్టీలకి మలబద్ధకం తప్పదు, ముందునుంచే విరేచనం మందు వేయాలి. నేను ఇంట్లో ఉన్న తెల్లమందు పోయబోయాను, అదే మిల్క్ ఆఫ్ మెగ్నీషియా. వద్దన్నారు, కిడ్నీ సరిగా లేకపోతే మెగ్నీషియం ఒంట్లో ఉండిపోతుందట. దాని బదులు లాక్టులోజ్. నల్లమందుకి భయపడ్డ మేము, ఆ తెల్లమందుని రెండేళ్ళుగా అడపాదడపా పోస్తూనే ఉన్నాం.

ఎదుటివాళ్ళ మాటలోనూ బలం ఉంది

మొదటి వారం నాన్న రోజుకి పదహారు గంటలు నిద్రపోయాడు. వాంతులు. తమ్ముడు "చూశావా" అన్నాడు. నాకూ అనుమానం వచ్చింది. తగ్గింది ఆయన నొప్పా, లేక మాకు వినబడే మూలుగా? మగతలో ఉన్న మనిషిని చూసి ఇంట్లోవాళ్ళు "ప్రశాంతంగా ఉన్నాడు" అనుకోవడం సులువు. ఎనిమిదో రోజు ఆయన లేచి కూర్చుని "ఈ పూట నాలుగణాలు" అనేదాకా ఆ అనుమానం పోలేదు. ఎవరికైనా ఇదే చెప్తాను, మగతని మెరుగు కింద లెక్కేయకండి.

ఆధారాల సంగతి కూడా ఒప్పుకోవాలి. కొత్త మందుల మీద ప్రయోగాలు చేసేటప్పుడు కిడ్నీ బాగాలేనివాళ్ళని, బాగా వయసైనవాళ్ళని మామూలుగా ముందే తప్పిస్తారు. కాబట్టి ఈ మందు మేలు, ఆ మందు కీడు అని డాక్టర్లు చెప్పేదాంట్లో చాలాభాగం మందు ఒంట్లో ఎలా విరుగుతుందన్న జ్ఞానం, వాళ్ళ అనుభవం. "రుజువు లేదు, నేను రాయను" అనే డాక్టరుని నేను మూర్ఖుడనను. కానీ రాయకపోవడం మంచిదన్నదానికి కూడా రుజువు లేదు కదా. నొప్పితో నిద్రలేని మనిషి తిండి మానేస్తాడు, నీళ్ళు మానేస్తాడు, మంచం దిగడు. నీళ్ళు మానేస్తే కిడ్నీకి మంచిదా?

పట్టీల్లోనూ చిక్కులున్నాయి. అతికించిన పూటే పనిచేయవు, దగ్గరదగ్గర ఒక రోజు పడుతుంది. నొప్పి పూటకోరకంగా ఉంటే వీటితో కుదరదు. జ్వరం వచ్చినా, వేడినీళ్ళ సంచి తగిలినా మందు ఒక్కసారిగా ఎక్కువ దిగుతుంది. ఫెంటానిల్ పట్టీ అయితే ఇంతకుముందు ఈ రకం మందులు అలవాటు లేనివాళ్ళకి వేయనే కూడదు. ఖరీదు కూడా మార్ఫిన్ మాత్రతో పోలిస్తే చాలా ఎక్కువ.

ఆ చవకైన మార్ఫిన్ సంగతి ఇంకో కథ. 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చాక లైసెన్సుల మీద లైసెన్సులు పెట్టారు. తర్వాతి పన్నెండేళ్ళలో మన దేశంలో వైద్యానికి వాడే మార్ఫిన్ 97 శాతం పడిపోయింది. ప్రపంచానికి చట్టబద్ధంగా నల్లమందు పండించి ఇచ్చే దేశం మనది. గాజీపూర్‌లో, నీమచ్‌లో ప్రభుత్వ ఫ్యాక్టరీలున్నాయి. అయినా మనవాళ్ళకి అందలేదు. కేరళలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడితే 2014లో చట్టం మారింది, మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్ సహా ఆరు మందులకి నిబంధనలు సడలాయి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో పాలియేటివ్ విభాగం ఎప్పటినుంచో ఉంది. చట్టం మారి పదేళ్ళు దాటినా, నేను నాన్న కోసం తిరిగినప్పుడు మా ఊరి చుట్టుపక్కల ఈ మందుల్లో ఒక్కటి కూడా దొరకలేదు. నెలనెలా రెండు వందల కిలోమీటర్లు రైల్లో వచ్చి తీసుకెళ్ళాం.

కాబట్టి ఆర్‌ఎంపీని తిట్టడం కూడా నాకు పూర్తిగా చేతకాదు. రాత్రి పదకొండుకి తలుపు కొడితే లేచి వచ్చింది ఆయనొక్కడే. ఆయన దగ్గర ఉన్నది ఆ ఒక్క సూదే.

కిడ్నీని ఎవరి కోసం దాచాం

నాన్న తర్వాత నాలుగు నెలలున్నాడు. మూడో నెలలో పట్టీ పెంచాల్సి వచ్చింది. తమ్ముడు ఆ రోజు కూడా అడిగాడు, "క్రియాటినిన్ పెరిగితే?" అని. వాడి భయం నాకు తెలుసు. మా పెదనాన్న డయాలసిస్ మీద పోయాడు, ఆ మెషీన్ పక్కన రాత్రుళ్ళు కూర్చున్నది వాడే. నాన్నకి ఆ గతి పట్టకూడదని వాడు పన్నెండేళ్ళు కాపలా కాశాడు. ఉప్పు కొలిచాడు, నీళ్ళు కొలిచాడు. ఆ కాపలా ఇక అక్కర్లేదని ఎవరైనా ఎలా చెప్తారు?

చివరి నెల మేము క్రియాటినిన్ చేయించలేదు. చెయ్యి పొడిచి రక్తం తీయడం, ఆ అంకె కోసం ఎదురుచూడడం, వచ్చాక చేసేదేమీ లేకపోవడం. డాక్టరే అడిగారు, "అంకె తెలిస్తే మీరు ఏమైనా మారుస్తారా?" అని. తమ్ముడు లేదన్నాడు. అన్నాక బయటికెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. అది సరైన పనేనా అని ఇప్పటికీ ఒక్కోసారి అనుకుంటాను. ఆ పుస్తకం తీసి చూస్తే ఆఖరి పేజీల్లో రాత్రి గడిలో "3 అణాలు", "2 అణాలు", ఒకచోట తమ్ముడి రాతలో "పక్కకి తిరిగి పడుకున్నాడు" అని ఉంటుంది.

పిన్ని సంగతికొస్తే, ఎసిక్లోఫెనాక్ ఆపించి, పట్టీ రాసిన డాక్టరుకే ఫోన్ చేయించాను. 27 అంకె చెప్తే ఆయన మిగతా మందుల్లో రెండింటి మోతాదు తగ్గించాడు. పట్టీ మోతాదు మార్చకుండా అతికించమన్నాడు. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టక్కర్లేదని, ఎండ తగలకుండా బయటే ఉంచొచ్చని కూడా చెప్పాడు. తేదీ మర్చిపోకుండా గోడ క్యాలెండర్‌లో సున్నా చుట్టమన్నాను.

మొన్న ఆదివారం మళ్ళీ ఫోన్. "అక్కా, అమ్మ రాత్రి నాలుగు గంటలు పడుకుంది. ఇవాళ కొత్తది వేశాం."

"పాతది ఏం చేశావు?"

"తీసేశాను కదా. పాప అడిగితే ఇచ్చాను, బొమ్మకి దెబ్బ తగిలిందని అతికించుకుంటోంది."

"ఒరే, ముందు ఫోన్ పెట్టి అది లాక్కో. దాంట్లో ఇంకా మందుంటుంది. జిగురు వైపు లోపలికి వచ్చేలా మడిచి, పాపకి అందనిచోట పెట్టు. పాప చేతులు కడుగు. బొమ్మని కూడా."